మానవశాస్త్రం: ఒక పరిచయం, ఒక విన్నపం

మానవుణ్ణి గురించి మానవుడు జరిపే అధ్యయనమే మానవశాస్త్రం. ఆంగ్లంలో దీనిని ఆంత్రొపాలజీ అంటారు. గ్రీకు భాషలో ఆంత్రొపోస్ అనగా మానవుడు, లోగోస్ అనగా విచారణ. ఉర్దూలో ఇదే విద్యకు బషరియాత్ అని పేరు. బషర్ అనగా మనిషి. అయితే ఇంతమాత్రం చెప్పి ఊరుకుంటే ఈ శాస్త్రం గురించి ఏమీ చెప్పనట్టే. వైద్యుడు మానవుణ్ణే పరిశీలిస్తాడు. చరిత్రకారుడు, న్యాయవాది, కవి కూడా మానవుణ్ణి గురించే మాట్లాడుతారు. మరి మానవశాస్త్రజ్ఞుని ప్రత్యేకత ఏమిటి?

ఆ ప్రత్యేకత అతడు పనిచేసే పద్ధతిలో ఉన్నది. అతడు మనుషుల వద్దకు వెళ్లి, వారి భాష నేర్చుకుని, వారి నడుమ ఒక ఏడాదో రెండేళ్లో నివసించి, వారు తినే తిండి తిని, వారి పెళ్లిళ్లకూ చావులకూ హాజరై, ఆ పిమ్మట కలం పడతాడు. మలినోవ్‌స్కీ అనే పోలండు దేశీయుడు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవులలో ఇట్లే గుడారం వేసుకుని జీవించి, 1922లో ప్రకటించిన గ్రంథంతో ఈ పద్ధతికి ప్రామాణ్యం కల్పించాడు. తన ఊరి ఆచారం లోకానికి కొలబద్ద కాదనే ఎరుకతో ఎదుటివారి ఆచారంలోని లోపలి తర్కాన్ని వెతకడం ఈ విద్యకు ప్రాణం. శాఖలుగా చూస్తే ఇది నాలుగు విధాలు: దేహాన్నీ వంశపారంపర్యాన్నీ చదివేది ఒకటి, సంఘాన్నీ సంస్కృతినీ చదివేది ఇంకొకటి, రాతి పనిముట్ల నాటి ప్రాచీన మానవుణ్ణి తవ్వి తీసేది మరొకటి, భాషను చదివేది నాలుగవది. మన రేణిగుంట దగ్గరి రాళ్లకాలువ ఒడ్డున దొరికిన పాతరాతియుగపు పనిముట్లు ఈ మూడవ శాఖవారికి సుపరిచితాలు.

ఇది పాశ్చాత్యులు తెచ్చిన విద్య, మనకెందుకు అనే పెద్దలున్నారు. వారికి అల్‌బెరూనీని గుర్తు చేయవలసి ఉన్నది. 973లో ఖ్వారిజంలో జన్మించిన ఆ పండితుడు సంస్కృతం నేర్చుకుని, పండితులతో కూర్చుని, హిందువుల విశ్వాసాలనూ ఆచారాలనూ గణితాన్నీ గురించి సుమారు 1030లో ‘కితాబుల్ హింద్’ వెలయించాడు. ఖండనమండనలకు దిగక, వారు చెప్పినదాన్ని వారు చెప్పినట్టే ముందుంచుతానని అతడు పెట్టుకున్న నియమం నేటి పరిశోధకుడు కూడా శిరసావహించదగినది. అతణ్ణి తొలి మానవశాస్త్రజ్ఞుడని పిలిచేవారు ఉన్నారు. ఆ బిరుదు సంగతి ఎట్లున్నా, పొరుగువాణ్ణి తెలుసుకోవడం పొరుగుదేశం నుంచి దిగుమతి చేసుకున్న అలవాటు కాదని మాత్రం అతని వలన విదితమవుతున్నది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ విద్యకు కావలసిన సామగ్రి మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో వీధివీధినా పడి ఉన్నది. దానిని ఎత్తి చూసేవారే లేరు. మా మాట అతిశయోక్తి అనిపిస్తే ఒక్క చుట్టరికాన్ని తీసుకుని చూడండి.

మన వీధిలో ఒక రెడ్డిగారి ఇల్లో, బలిజవారి ఇల్లో ఉన్నదనుకుందాం. ఆ ఇంటి కుర్రవానికి చిన్నాయన కూతురు చెల్లెలు. ఆమెను పెళ్లాడటమనే మాట నోట రావడమే పాపం. కాని మేనమామ కూతురు మరదలు. ఆమె పుట్టిన నాటి నుంచీ అతని పెళ్లాం అని ముసలివారు ఎగతాళి చేస్తూనే ఉంటారు. అక్క కూతురిని ఇచ్చి చేసే పెళ్లిళ్లూ మన జిల్లాలో కొల్లలు. ఆ పక్కింట్లోనే ఉర్దూ మాట్లాడే కుటుంబం ఉన్నదనుకుందాం. అక్కడ చాచా కూతురైనా, మామూ కూతురైనా, ఫూఫీ కూతురైనా, ఖాలా కూతురైనా ధర్మశాస్త్రం ప్రకారం పెళ్లికి అభ్యంతరం లేదు. కాని అక్క కూతురు మాత్రం కన్నకూతురితో సమానం. ఆ పెళ్లి నిషిద్ధం. ఈ ఇంటివారికి ఆ ఇంటి ఆచారం వింత. ఆ ఇంటివారికి ఈ ఇంటి ఆచారం అంతకంటే వింత. ఇరువురూ ఒకరి శుభలేఖలు ఒకరు అందుకుని, విందు ఆరగించి, ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాక ముక్కున వేలేసుకుంటారు!

ఇందులో ఎవరిది తప్పు? మానవశాస్త్రం ఈ ప్రశ్ననే పక్కన పెట్టి, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో రాసుకోమంటుంది. తెలుగు వాడుకలో తండ్రి అన్నదమ్ముల పిల్లలకూ, తల్లి అక్కచెల్లెళ్ల పిల్లలకూ తోబుట్టువుల పేర్లే ఉన్నాయి. మేనత్త పిల్లలకూ మేనమామ పిల్లలకూ ఉన్న పేర్లు బావ, వదిన, మరదలు, బావమరిది. ఇవి పెళ్లి వలన ఏర్పడే వరసలు. అనగా పెళ్లి జరగక మునుపే భాష ఆ పెళ్లిని లెక్కగట్టి పెట్టింది. మామ అనే ఒక్క మాట తల్లి సోదరునికీ, పిల్లనిచ్చిన వానికీ చెల్లడం కాకతాళీయం కాదు. ఉర్దూలోని మాటల అల్లిక వేరు. అక్కడ చచేరే, ఫుఫేరే, మమేరే, ఖలేరే అని నలుదిక్కుల నుంచి వచ్చేవారినీ భాయి, బహన్ అనే అంటారు. పెళ్లికి పనికివచ్చేవారెవరో, కానివారెవరో నిర్ణయించే భారం పిలుపు మీద లేదు, ధర్మం మీద ఉన్నది. ఒక భాష వరసలోనే హద్దు గీసింది, మరొకటి గీయలేదు. ఈ సంగతి తెలిసిన తరువాత ముక్కున వేలేసుకోవలసిన అవసరం కలుగదు.

ఈ తెలుగు వరసలు శాస్త్రచరిత్రలో స్థానం సంపాదించినవని మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే న్యాయవాది తమ పొరుగున ఉన్న సెనెకా అనే ఆదివాసుల చుట్టరికపు పేర్లు సేకరించి, అట్టివి మరెక్కడైనా ఉన్నవేమోనని లోకమంతటికీ ప్రశ్నపత్రాలు పంపాడు. దక్షిణ భారతంలోని మిషనరీలు తమిళ, తెలుగు, కన్నడ పదాలు రాసి పంపారు. సెనెకావారి అమరికకూ మన అమరికకూ ఉన్న పోలిక చూసి అతడు నివ్వెరపోయాడు. 1871లో వెలువడిన అతని ఉద్గ్రంథంలో మన పిన్నమ్మ, మేనమామలు పట్టికలకెక్కారు. దక్షిణాది వరసలకూ పెళ్లికీ ఉన్న ముడిని ఆ పిమ్మట 1953లో లూయీ ద్యూమోఁ వివరించాడు. మన అవ్వలకు పుట్టుకతో వచ్చిన జ్ఞానమిది. ఎక్కడో ఉన్నవారు దానిని గ్రంథస్థం చేశారు.

చుట్టరికం కేవలం వినోదానికి సంబంధించినది కాదు. దగ్గరి సంబంధాల వలన కొన్ని వంశపారంపర్య వ్యాధులు బిడ్డలకు సంక్రమించే అవకాశం హెచ్చు. మేనమామ, మేనకోడలు దంపతులైతే, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే జన్యువు బిడ్డకు చేరే సంభావ్యత మేనరికపు బిడ్డ కంటే రెండింతలు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ దగ్గరి వివాహాలను గురించి 1960ల తొలినాళ్లలోనే ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్ అనే ఇద్దరు కలిసి పరిశోధించి ప్రకటించారు. ఆ రెండు పేర్లు పక్కపక్కన చదివినప్పుడు మాకు కలిగిన సంతోషాన్ని ఇక్కడ దాచుకోదలచలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం మేనమామ–మేనకోడలు వరసను నిషిద్ధాల జాబితాలో చేర్చి, ఆచారం ఉన్నచోట మినహాయింపునిచ్చింది. చట్టం ఆచారానికి తలవంచిన అట్టి చోట ప్రజలకు నచ్చజెప్పవలసిన వైద్యుడు ఆ ఆచారం ఎందుకు ఉన్నదో తెలియకుండా ఏమి నచ్చజెప్పగలడు? పొలం చీలకుండా ఉండటం, ఆడపిల్ల తెలిసిన గడపలో మెట్టడం, కట్నపు ఒత్తిడి తగ్గడం, ఇవన్నీ ఆ పెళ్లి వెనుక ఉండగల కారణాలు. వాటిని పక్కన పెట్టి జన్యువుల పేరు చెబితే వినేవారు తల ఊపి వెళ్లిపోతారు.

భాష సంగతికి కుప్పం మించిన ప్రయోగశాల లేదు. మూడు రాష్ట్రాలు కలిసే ఆ మూలలో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ ఒకే సంతలో బేరమాడుకుంటాయి. మన ఇళ్లలో మాట్లాడే దక్కనీ ఉర్దూని లక్నో వారు వింటే నవ్వుతారట. నవ్వనివ్వండి. ‘వస్తాను అని చెప్పినాడు’ అని తెలుగువాడు అంటే, మన దక్కనీవాడు ‘ఆతూఁ బోల్కే బోల్యా’ అంటాడు. తెలుగులోని ‘అని’ చేసే పనినంతా ఇక్కడ ‘బోల్కే’ చేస్తున్నది. ఉత్తరాది ఉర్దూలో ఈ వాక్యనిర్మాణం కానరాదు. శతాబ్దాల ఇరుగుపొరుగు ఒక భాష ఎముకలలోకి ఎట్లా ఇంకిపోతుందో చూపడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. పరీక్షలో తప్పుగా లెక్కగట్టే ఈ మాటతీరును భాషాశాస్త్రజ్ఞులు విలువైన ఆధారంగా పరిగణిస్తున్నారు. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని నీడనే ఉన్న మన పిల్లలు తమ ఇంటి మాటను చూసి సిగ్గుపడటం మాకు బాధ కలిగిస్తున్నది.

ఈ శాస్త్రం చేతులు ఎల్లప్పుడూ శుభ్రంగా ఉన్నాయని మేము అనబోము. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్ కొలత పనిముట్లు పట్టుకుని ఊళ్లు తిరిగి, కులం కులానికీ తలలూ ముక్కులూ కొలిచి, రంగాచారి సహాయంతో 1909లో ‘దక్షిణ భారత కులాలు, తెగలు’ అనే ఏడు సంపుటాలు ప్రకటించాడు. దూది ఏకే దూదేకులవారి నుంచి కోయల వరకు అందరూ అందులో అక్షరక్రమంలో నిలబడి ఉన్నారు. ఎంతో విలువైన సమాచారమున్నది, కాదనలేము. కాని ముక్కు వెడల్పులో మనిషి అంతస్తు దొరుకుతుందనే నమ్మకం తప్పుడు నమ్మకం; శాస్త్రమే ఆ తరువాత దానిని తోసిపుచ్చింది.

అంతకంటే ఘోరమైనది నేరస్థ తెగల చట్టం. మోర్గన్ గ్రంథం వెలువడిన 1871లోనే అది ఉత్తర భారతంలో అమలులోకి వచ్చింది. 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ విస్తరించింది. మన ప్రాంతంలో గంపలు అల్లుకుని, ఎరుక చెప్పుకుని బతికే ఎరుకలవారు పుట్టుకతోనే నేరస్థులని ఆ చట్టం కింద ముద్ర వేశారు. 1913లో సాల్వేషన్ ఆర్మీ వారి యాజమాన్యంలో బాపట్ల సమీపాన స్టువర్టుపురం అనే సెటిల్‌మెంటు వెలసి, కుటుంబాలకు కుటుంబాలను అక్కడికి చేర్చారు. ఈ ఎరుకలవారు అంతకుముందు ఏమి చేసేవారు? పశువుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని సముద్రతీరానికీ మెట్టప్రాంతాలకూ మధ్య వర్తకం చేసేవారు. ఉప్పుపై సర్కారు పెత్తనం, రైలుబండి కలిసి ఆ జీవనాధారాన్ని తెగ్గొట్టాయి. తిండి పోయిన తరువాత సంచారమే నేరమయింది. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. కాని ఆ మాట ఊరి నోట ఇంకా రద్దు కాలేదు. మనలో చాలామంది ఆ కులం పేరును ఈనాటికీ తిట్టుగా వాడుతున్నారు. ఆ తిట్టు పుట్టిన తేదీ తెలిసినవాడు దానిని అంత తేలికగా నోట పలుకలేడు.

అదే శాస్త్రం మేలు చేసిన దాఖలాలూ మన రాష్ట్రాలలోనే ఉన్నాయి. ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు రెండవ ప్రపంచయుద్ధం వలన హైదరాబాదు రాజ్యంలో చిక్కుకుపోయి, చెంచులనూ కొండరెడ్లనూ ఆదిలాబాదు గోండులనూ అధ్యయనం చేశాడు. 1940లో కొమురం భీం మరణించిన పిమ్మట నిజాం ప్రభుత్వం ఆ కొండల గొడవకు కారణం వెతుక్కోవలసి వచ్చినప్పుడు, భూమి పోవడమే మూలమని తేల్చినవారిలో ఈయన ఒకడు. 1943లో మార్లవాయిలో గోండీ భాషలో బోధించే ఉపాధ్యాయ శిక్షణ ప్రారంభమయింది. 1955లో ప్రకటితమైన ఎస్.సి. దూబే గ్రంథం హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట గ్రామాన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. ఇటీవల 2013లో మన రాయలసీమలోని గూగూడు కుళ్లాయప్ప పీర్ల పండుగపై అఫ్సర్ మహమ్మద్ ఆంగ్లంలో గ్రంథం ప్రకటించాడు. నిప్పులగుండం చుట్టూ హిందువులూ ముస్లిములూ కలిసి నిలబడే ఆ దృశ్యం మన జిల్లావాసులకు కొత్తది కాదు. దానిని పుస్తకంగా రాయవచ్చునన్న ఆలోచనే కొత్తది.

మైనారిటీ కళాశాల విద్యార్థులకు ఈ సంగతి మరింత దగ్గరిది. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లిములలోని కొన్ని వెనుకబడిన తరగతులకు బి.సి.–ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. ఆ జాబితాను ఒకసారి తీరికగా చదవండి: అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, తిరగళ్లకు గంట్లు పెట్టే తురక కాశలు, ఫకీర్లు, హజాములు. ఒక్కొక్క పేరు వెనుక ఒక వృత్తి ఉన్నది. ఆ వృత్తులలో కొన్ని మన కళ్లముందే కనుమరుగవుతున్నాయి. మిక్సీ వచ్చిన ఇంట తిరగలికి గంట్లెవరు పెట్టించుకుంటారు? 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. మరుసటి నెల సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. న్యాయస్థానాలలో అడిగిన ప్రధాన ప్రశ్నలలో ఒకటి ఇది: ఈ జనం వెనుకబడినవారనడానికి ఆధారమేమిటి, సర్వే ఎవరు చేశారు, ఎట్లా చేశారు? మన స్నేహితులలో ఎందరి ఉపకార వేతనాలో, ఇంజనీరింగు సీట్లో ఈ ప్రశ్నకు ముడిపడి ఉన్నాయి. మన వాకిట్లో ఉన్నవారిని గురించి మనం ఒక్క పుట రాసిపెట్టుకోలేదు. ఎవరో ఎప్పుడో రాసినదానిని వెతికి కోర్టులో చూపవలసిన గతి పట్టింది.

పుంగనూరు ఆవు ఒక్కటి చాలు, ఒక సంవత్సరపు పరిశోధనకు. మూడడుగుల ఎత్తుకు మించని ఆ పశువు కొద్దిపాటి మేతతో కరవుసీమలో బతికింది. ఆఫ్రికాలోని న్యూయెర్ ప్రజల బతుకు మొత్తం వారి పశువుల చుట్టూ ఎట్లా తిరుగుతుందో 1940లో ఇవాన్స్–ప్రిచర్డ్ రాస్తే అది ప్రపంచ ప్రసిద్ధమయింది. మన పొట్టి ఆవును రైతు ఎందుకు పెంచాడు, పాలడైరీ లెక్కలు వచ్చాక ఎందుకు వదిలాడు, ఇప్పుడు పట్టణాల ధనికులు లక్షలు పోసి దానిని ముద్దుగా పెంచుకోవడంలో అంతరార్థమేమిటి? పలమనేరు పశు పరిశోధన కేంద్రంవారు జాతిని కాపాడుతున్నారు. దాని వెనుక ఉన్న మనుషుల కథను కాపాడే పని మిగిలి ఉన్నది.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ చికిత్సాలయం వెలసింది. అక్కడి వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ 1950లలో చుట్టుపక్కల పల్లెలలో ఇంటింటికీ తిరిగి క్షయను గురించి గావించిన పరిశోధనలు వైద్యలోకంలో ప్రసిద్ధాలు. ఇంటింటికీ తిరగనిదే రోగం అంతుచిక్కదని ఆ వైద్యులు గ్రహించారు.

“దీనిని చదివితే ఉద్యోగమేమి వస్తుంది?” అని మన తల్లిదండ్రులు అడుగుతారు. వారిని తప్పుపట్టలేము, అప్పు చేసి చదివించేవారికి ఆ హక్కు ఉన్నది. కేంద్ర సివిల్ సర్వీసు పరీక్షలలో ఇది ఐచ్ఛిక విషయం, సిలబస్ చిన్నదని చాలామంది ఎంచుకుంటారు. సిలబస్ చిన్నదనే కారణంతో ఒక శాస్త్రాన్ని చేపట్టడం మాకు అంతగా రుచించదు గాని, ఆ దారిన వచ్చినవారైనా కలెక్టరై ఒక తండాకు వెళ్లినప్పుడు చదివినది అక్కరకు వస్తే సంతోషమే. గిరిజన సంక్షేమం, ప్రజారోగ్యం, మ్యూజియములు, 1945లో ఏర్పడిన భారత మానవశాస్త్ర సర్వేక్షణ, ఇవన్నీ ఈ విద్య అక్కరకు వచ్చే చోట్లే. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఈ శాఖ ఉన్నది. మదనపల్లె నుంచి బస్సెక్కితే పూటలో చేరవచ్చు.

కళాశాల పెద్దలకు మా విన్నపం చిన్నది. కొత్త శాఖను తెరవమని మేము కోరడం లేదు. అందుకు నిధులూ పోస్టులూ కావాలి. జాతీయ సేవా పథకం కింద ఏటా ఏడు రోజుల శిబిరానికి ఏదో ఒక పల్లెకు వెళుతున్నాము. వీధి ఊడ్చి, ఫోటో దిగి, ఆ ఊరిని గురించి ఏమీ తెలుసుకోకుండా తిరిగి వస్తున్నాము. వీధి ఊడ్చడం మానమని కాదు. మధ్యాహ్నం పూట ఒక్కొక్కరు ఒక్కొక్క ఇంటి అరుగు మీద కూర్చుని, ఆ ఇంటివారు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ పని చేసేవారు, ఎందుకు మానేశారు, పిల్లలు బెంగుళూరులో ఏ పనిలో ఉన్నారు, ఇంట్లో ఏ భాష, సంతలో ఏ భాష అని అడిగి రాసుకోవచ్చు. ముందుగా వారి అనుమతి తీసుకోవాలి, చెప్పవద్దన్నది రాయకూడదు, రాసినది వారికి చదివి వినిపించాలి. పిల్లలు తెచ్చిన ఆ నోటుపుస్తకాలు గ్రంథాలయంలో ఒక బీరువాలో ఉంచితే, పదేళ్లకు అది ఈ మూడు తాలూకాలకు ఒక ఆధారమవుతుంది.

అంతవరకు ఆగలేనివారు తెలుగు–ఉర్దూ చుట్టరికపు పేర్ల పట్టికను ఈ వేసవి సెలవులలోనే మొదలుపెట్టవచ్చు. ఒక నోటుపుస్తకం, ఇంట్లో ఒక అవ్వ, పొరుగింట ఒక నానీ ఉంటే చాలు. వచ్చే సంచికకు ఎవరైనా ఆ పట్టిక పంపితే రెండు లిపులలోనూ అచ్చువేయమని సంపాదకులను మేమే అడుగుతాము.